ఆఖరి ప్రవక్త తర్వాత: తొలి తరం ముస్లింలు అర్థం చేసుకున్న ఖత్మె నుబువ్వత్

అస్సలాము అలైకుమ్. సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

ముహమ్మద్ ప్రవక్త, సల్లల్లాహు అలైహి వసల్లం. ఆయన పేరు ఈ ప్రసంగంలో చాలాసార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఈ దరూద్, అంటే ఆయన మీద పలికే దీవెన, కూడా పలికినట్టే భావించండి. ఆయన పుట్టినరోజు జరిపే మిలాదున్నబీ సభల్లో ఆయన్ని మనం అంతిమ ప్రవక్త అంటాం. ఆయన తర్వాత ఇంకో ప్రవక్త లేడన్న ఈ విశ్వాసం పేరే ఖత్మె నుబువ్వత్. పుస్తకాల అట్టల మీద రాస్తాం, పిల్లలకు బట్టీ పట్టిస్తాం. ఆ మాట మనకు బాగా అలవాటైపోయి, ఇప్పుడు ఒక బిరుదులా వినిపిస్తోంది. మరి దాన్ని మొట్టమొదట విన్నవాళ్ల సంగతేమిటి? మదీనాలో ఆయన వెనక నిలబడి నమాజు చేసినవాళ్లు, ఆయన పోయాక ఇంకా ఇరవై, ముప్పై, యాభై ఏళ్లు బతికినవాళ్లు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారు? ఈ రోజు నేను చెప్పదలచుకున్నది అదే. వాళ్లకు ఈ విశ్వాసం గర్వం కన్నా ముందు బరువుగా అనిపించింది. ఇక మీదట ఆకాశం నుంచి జవాబు రాదు, ఇచ్చి వెళ్లినదానితో మనమే తేల్చుకోవాలి అన్న బరువు అది. తర్వాతి శతాబ్దాల వివాదాల్లోకి ఈ రోజు వెళ్లను.

ఆ వాక్యం దగ్గర మొదలుపెడతాను. ఖుర్‌ఆన్ 33వ సూరా (అధ్యాయం) అహ్‌జాబ్, 40వ ఆయత్ (వాక్యం). "ముహమ్మద్ మీ మగవాళ్లలో ఎవరికీ తండ్రి కాడు. ఆయన అల్లాహ్ సందేశహరుడు, ప్రవక్తల ముద్ర." మనం సాధారణంగా రెండో సగమే చదువుతాం. మొదటి సగంలో ఒక ఇంటి కథ ఉంది.

జైద్ బిన్ హారిసా చిన్నతనంలోనే దోపిడీగాళ్ల చేతికి చిక్కి, ఉకాజ్ సంతలో బానిసగా అమ్ముడుపోయాడు. ముహమ్మద్ భార్య ఖదీజా మేనల్లుడు హకీం బిన్ హిజామ్ అతన్ని కొని ఆమెకిచ్చాడు, ఆమె తన భర్తకిచ్చింది. కొన్నేళ్లకు జైద్ తండ్రి, పినతండ్రి ఆచూకీ తెలుసుకుని డబ్బు పట్టుకుని మక్కా వచ్చారు. అబ్బాయి మీతో వస్తానంటే డబ్బేమీ అక్కర్లేదు, తీసుకెళ్లండి అన్నారు ముహమ్మద్. జైద్ వెళ్లలేదు. కన్నతండ్రి ఎదుటే, నేను ఈయన దగ్గరే ఉంటానన్నాడు. అప్పుడు ముహమ్మద్ అతన్ని కాబా దగ్గరికి తీసుకెళ్లి, ఇతను నా కొడుకు, నాకు ఇతను వారసుడు, ఇతనికి నేను వారసుణ్ణి అని అందరి ముందూ ప్రకటించారు. ఆ రోజు నుంచి ఊరంతా జైద్ బిన్ ముహమ్మద్ అని పిలిచింది.

ఆ పిలుపును ఖుర్‌ఆన్ రద్దు చేసింది. పెంచుకున్నవాళ్లను వాళ్ల కన్నతండ్రుల పేర్లతోనే పిలవండి అని అదే సూరా 5వ ఆయత్‌లో ఉంది. జైద్ మళ్లీ జైద్ బిన్ హారిసా అయ్యాడు. మదీనా వలస నుంచి లెక్కించే హిజ్రీ శకం 5వ సంవత్సరంలో, జైద్ విడాకులిచ్చిన జైనబ్ బింతె జహ్ష్‌ను ప్రవక్త పెళ్లాడారు. కొడుకు భార్యను చేసుకున్నాడని కొందరు గొడవ చేశారు. ఆ గొడవకు జవాబుగా వచ్చిన ఆయత్‌లలోనే ఈ 40వది ఉంది. అనుచరులందరిలో ఖుర్‌ఆన్‌లో పేరుతో కనిపించే ఏకైక వ్యక్తి జైదే, మూడు ఆయత్‌ల ముందు. ఆ గౌరవం దక్కిన చోటే అతనికి కొడుకన్న హోదా పోయింది. ఈ సూరా చదివిన ప్రతిసారీ నా మనసు జైద్ దగ్గరే ఆగిపోతుంది. హిజ్రీ 8లో ముతా యుద్ధంలో సేనాపతిగా ప్రాణాలిచ్చాడతను. ఒక్కసారి కూడా ఫిర్యాదు చేసినట్టు ఎక్కడా కనిపించదు.

కొడుకు లేడు అనే మాటనూ, ప్రవక్తల ముద్ర అనే మాటనూ ఒకే వాక్యంలో ఎందుకు పెట్టినట్టు? ఖుర్‌ఆన్ చెప్పే ప్రవక్తల కథలు గుర్తు చేసుకోండి. ఇబ్రాహీం, ఆయన కొడుకులు ఇస్మాయీల్, ఇస్‌హాక్. ఇస్‌హాక్ కొడుకు యాఖూబ్, యాఖూబ్ కొడుకు యూసుఫ్. దావూద్‌కు సులైమాన్, జకరియ్యాకు యహ్యా. ప్రవక్త పదవి చాలాసార్లు తండ్రి నుంచి కొడుకు దాకా నడిచింది. అలాంటి పరంపర తెలిసిన జనానికి, పెరిగి పెద్దయిన కొడుకు ఒకడుంటే ఆశలు కలగడం సహజం. ప్రవక్తకు పుట్టిన మగపిల్లలు ఎవరూ బతకలేదు. ఖాసిం, అబ్దుల్లాహ్ మక్కాలోనే పసితనంలో పోయారు. మదీనాలో మారియాకు పుట్టిన ఇబ్రాహీం రెండేళ్లయినా నిండకుండా హిజ్రీ 10లో చనిపోయాడు. ఆ రోజు సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ లెక్కల ప్రకారం అది 632 జనవరి 27. పసివాడి కోసమే సూర్యుడికి గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. బిడ్డను పాతిపెట్టి వచ్చిన ఆ తండ్రి మాత్రం, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని జనానికి సరిదిద్ది చెప్పారు.

చాలా ఏళ్ల తర్వాత, అనుచరుల్లో చివరిదాకా మిగిలినవాళ్లలో ఒకరైన అబ్దుల్లాహ్ బిన్ అబీ ఔఫాను ఒకాయన అడిగాడు: మీరు ప్రవక్త కొడుకు ఇబ్రాహీంను చూశారా? ఆయన జవాబు బుఖారీ హదీసు సంకలనంలో, అంటే ప్రవక్త మాటలు, చేతలు చేర్చిన గ్రంథంలో, ఉంది. చిన్నప్పుడే పోయాడు, ముహమ్మద్ తర్వాత ప్రవక్త ఉండాలని రాసి ఉంటే ఆ కొడుకు బతికేవాడు, కానీ ఆయన తర్వాత ప్రవక్త లేడు. అడిగింది పసివాణ్ణి చూశారా అని మాత్రమే. జవాబు మాత్రం నేరుగా అంతిమత్వం దగ్గరికి వెళ్లింది. ఆ తరం మనసులో ఈ రెండూ ఎంత దగ్గరగా ముడిపడి ఉన్నాయో ఇంతకన్నా బాగా చెప్పే సాక్ష్యం నాకు కనబడలేదు.

ముద్ర అనే మాట మీద ఎక్కువ సేపు ఆగను. ఈ రోజు మనమంతా చదివే, ఆసిం అనే పాఠకుడి పఠనంలో అది ఖాతమ్, అంటే ముద్ర. ప్రసిద్ధులైన ఏడుగురు పాఠకుల్లో మిగతా ఆరుగురు ఖాతిమ్ అని చదివారు, అంటే ముగించేవాడు. ఉత్తరం రాయడం పూర్తయ్యాకే దాని మీద ముద్ర పడుతుంది. హిజ్రీ 310లో చనిపోయిన తబరీ తన ఖుర్‌ఆన్ వ్యాఖ్యానంలో రెండు పఠనాలనూ కలిపి, ఆయన ప్రవక్త పదవికి ముద్ర వేశారు, ప్రళయం దాకా అది ఇంకెవరి కోసమూ తెరుచుకోదు అని రాశాడు.

ప్రవచనం ఆగిపోయిందన్న ఆలోచన ఆ ప్రాంతానికి కొత్త కాదు. హగ్గయి, జెకర్యా, మలాకీలతో ఇశ్రాయేలులో ప్రవచనం ముగిసిందని యూదుల తల్మూద్ చెబుతుంది. మూడో శతాబ్దంలో బాబిలోనియాలో పుట్టిన మానీ, భారతదేశానికి బుద్ధుడు, పర్షియాకు జరతుష్ట్ర, పడమటికి ఏసు వచ్చారని, ఇప్పుడు బాబిలోన్‌లో తాను వచ్చానని చెప్పుకున్నాడు. తనను ప్రవక్తల ముద్ర అని కూడా చెప్పుకున్నాడని పండితుడు అల్ బిరూనీ రాశాడు. కాబట్టి మదీనా జనానికి ఆ మాట అర్థం కాకపోవడం అంటూ ఉండదు. దాన్ని నిలబెట్టి చూపించడమే వాళ్ల ముందున్న కష్టం.

హదీసుల్లో అబూ హురైరా చెప్పిన ఇటుక ఉపమానం మీ అందరికీ తెలుసు. ఒకాయన చక్కటి ఇల్లు కట్టాడు. ఒక మూల ఒక్క ఇటుక ఖాళీ. చూసినవాళ్లు మెచ్చుకుంటూనే, ఈ ఒక్కటీ పెడితే బాగుండేది కదా అంటున్నారు. ఆ ఇటుక నేనే అన్నారు ప్రవక్త. ఎంత అందమైన మాట! కానీ నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేసింది మరో హదీసు. ఇశ్రాయేలు సంతతిని ప్రవక్తలే పరిపాలించేవారు, ఒకరు పోతే ఇంకొకరు వచ్చేవారు, నా తర్వాత ప్రవక్త లేడు, ఖలీఫాలు, అంటే నా తర్వాత వచ్చే పాలకులు, ఉంటారు అన్నారు. అంటే తర్వాత ఎవరొచ్చినా ప్రవక్త కాని మనిషే వస్తాడు. తప్పు చేయగల మనిషి.

హిజ్రీ 9లో తబూక్ దండయాత్రకు వెళుతూ ప్రవక్త తన అల్లుడు అలీని మదీనాలో ఉంచారు. ఆడవాళ్లతో, పిల్లలతో నన్ను వదిలి వెళుతున్నారా అని అలీ బాధపడ్డాడు. మూసాకు హారూన్ ఎలాగో నాకు నువ్వు అలాగ, అది చాలదా? అయితే నా తర్వాత ప్రవక్త లేడు అన్నారు. మూసా సోదరుడు హారూన్ కూడా ప్రవక్తే కాబట్టి, పోలిక చెప్పిన మరుక్షణం ఆ హద్దు గీయాల్సి వచ్చింది. షియాలు ఈ వాక్యం మొదటి సగంలో అలీ నాయకత్వాన్ని చూస్తారు. సున్నీలు అలా చూడరు. పద్నాలుగు వందల ఏళ్లుగా వాదించుకుంటున్న ఈ ఇద్దరూ ఆ చివరి ముక్కను మాత్రం ఒకేలా కాపాడుకున్నారు.

ఇక ముసైలిమా. ఇతని గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎందుకంటే ఇతన్ని మనం మామూలుగా ఇస్లాంను కాదన్న శత్రువుగా చెప్పుకుంటాం. విషయం అంత సులువుగా లేదు. మధ్య అరేబియాలోని యమామా ప్రాంతంలో బనూ హనీఫా పెద్ద తెగ. వాళ్ల ప్రతినిధులతో ముసైలిమా మదీనా వచ్చాడు. ముహమ్మద్ తన తర్వాత అధికారం నాకిస్తే ఆయన్ని అనుసరిస్తాను అన్నాడు. ప్రవక్త చేతిలో ఖర్జూరపు మట్ట ముక్క ఉంది. నువ్వు ఈ ముక్క అడిగినా ఇవ్వను అన్నారు. ఇబ్నె అబ్బాస్ మాటగా ఇది బుఖారీలో ఉంది. తర్వాత, హిజ్రీ 10లో, ఆ ప్రసిద్ధమైన ఉత్తరం వచ్చింది. అల్లాహ్ సందేశహరుడు ముసైలిమా నుంచి అల్లాహ్ సందేశహరుడు ముహమ్మద్‌కు, భూమిలో సగం మాది, సగం ఖురైష్‌ది అని. జవాబు ఇలా వెళ్లింది: అల్లాహ్ సందేశహరుడు ముహమ్మద్ నుంచి అబద్ధాలకోరు ముసైలిమాకు, భూమి అల్లాహ్‌ది, తన దాసుల్లో తాను కోరినవారికి వారసత్వంగా ఇస్తాడు.

గమనించండి. ముసైలిమా ముహమ్మద్‌ను అబద్ధమనలేదు. ఆయనా ప్రవక్తే, నేనూ ప్రవక్తనే అన్నాడు. అతని శిబిరంలో ఇచ్చే అజాన్‌లో ముహమ్మద్ ప్రవక్త అన్న సాక్ష్యం ఉండేదని తబరీ రాశాడు. అతనడిగింది వాటా. తెగకొక నాయకుడు ఉన్నట్టే తెగకొక ప్రవక్త ఎందుకుండకూడదు అన్న ఆలోచన అప్పటి అరేబియాలో చాలామందికి వింతగా తోచలేదు. యెమెన్‌లో అస్వద్ అన్సీ, బనూ అసద్‌లో తులైహా, తమీం తెగ వైపు నుంచి సజాహ్ అనే స్త్రీ, అందరూ ఆ ఒకటి రెండేళ్లలోనే లేచారు. తులైహా ఓడిపోయి సిరియా పారిపోయి, తర్వాత తిరిగి ముస్లిం అయి ఖాదిసియ్యా యుద్ధంలో ముస్లింల పక్షాన పోరాడాడు. సజాహ్ కూడా చివరికి ఇస్లాంలోకి తిరిగొచ్చిందని చెబుతారు. పదవి చెప్పుకున్నవాళ్లకు సైతం తిరిగి రావడానికి దారి ఉండేదన్నది మనం మరచిపోకూడని సంగతి.

హిజ్రీ 11, రబీఉల్ అవ్వల్ నెల. ప్రవక్త కన్నుమూశారు. తర్వాత రెండో ఖలీఫా అయిన ఉమర్ అంతటివాడు నమ్మలేక, మూసా నలభై రాత్రులు వెళ్లి వచ్చినట్టు ఈయనా తిరిగి వస్తారని కత్తి పట్టుకుని నిలబడ్డాడు. మొదటి ఖలీఫా కాబోయే అబూబకర్ వచ్చి, ముహమ్మద్‌ను ఆరాధించేవాళ్లు తెలుసుకోండి, ముహమ్మద్ చనిపోయారు, అల్లాహ్‌ను ఆరాధించేవాళ్లకు అల్లాహ్ సజీవుడు, ఆయనకు చావు లేదు అన్నాడు. ఈ ఘట్టం మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. దాని తర్వాత జరిగిన చిన్న సంఘటన అంతగా వినపడదు. ప్రవక్త చిన్నతనంలో ఆయన్ని సాకిన ఉమ్మె ఐమన్ అనే ముసలావిడ ఉండేది. జైద్ భార్య ఆవిడ, ఇందాక చెప్పిన ఆ జైద్. ప్రవక్త ఆవిడను చూడ్డానికి వెళుతుండేవారు కాబట్టి మనమూ వెళదాం పద అని అబూబకర్ ఉమర్‌ను తీసుకెళ్లాడు. వీళ్లను చూడగానే ఆవిడ ఏడ్చింది. ఎందుకమ్మా, అల్లాహ్ దగ్గర ఆయనకు ఇంతకన్నా మంచే కదా అన్నారు. అది తెలియక కాదయ్యా ఏడ్చేది, ఆకాశం నుంచి వహీ, ఆ దైవవాణి, ఆగిపోయింది కదా, అందుకు అంది. ఆ ఇద్దరూ ఆవిడతో పాటు కూర్చుని ఏడ్చారు. ఇమాం ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది ఇది. ఖత్మె నుబువ్వత్ గురించి ఎన్ని పెద్ద గ్రంథాలు ఉన్నా, అది ఆ మనుషులకు ఎలా తగిలిందో ఈ ముసలావిడ మాటలోనే నాకు తెలిసింది.

ఏడ్చి ఊరుకోలేదు వాళ్లు. ఖాలిద్ బిన్ వలీద్ నాయకత్వంలో యమామాలో ఘోరమైన యుద్ధం జరిగింది. ముసైలిమా వహ్షీ అనే యోధుడి ఈటెకు చనిపోయాడు. కానీ ముస్లింల వైపు కూడా నష్టం భరించలేనిది. ఉమర్ అన్న జైద్ బిన్ ఖత్తాబ్, అబూ హుజైఫా ఇంటివాడైన సాలిం, ఖుర్‌ఆన్ కంఠస్థం చేసిన ఎందరో పోయారు. ఉమర్‌కు టెన్షన్ పట్టుకుంది. ఇంకో రెండు యుద్ధాల్లో ఇలాగే పోతే ఖుర్‌ఆన్ ఏమవుతుంది? కొత్త ప్రవక్త వచ్చి మళ్లీ వినిపించడు. అబూబకర్‌తో, ఒక్కచోట రాయించండి అన్నాడు. ప్రవక్త చేయని పని నేనెలా చేయను అన్నాడు అబూబకర్. చివరికి ఒప్పుకుని, పడుచువాడైన జైద్ బిన్ సాబిత్‌కు అప్పగించారు. అతనూ అదే ప్రశ్న వేశాడు. కొండను కదిలించమన్నా నాకు ఇంత బరువుగా ఉండేది కాదు అన్నాడు. ఖర్జూరపు మట్టల మీద నుంచి, పలచటి తెల్లరాళ్ల మీద నుంచి, మనుషుల గుండెల్లోంచి ఒక్కొక్క ఆయత్ ఏరి కూర్చాడు. కొత్త ప్రవక్తనన్నవాడితో చేసిన యుద్ధమే గ్రంథం ఒక్కచోట చేరడానికి కారణమైంది.

ఇక్కడ పరిశోధకుల మాట కూడా చెప్పడం న్యాయం. యోహానన్ ఫ్రీడ్‌మన్, అంతిమత్వం అనే అర్థం ఏకగ్రీవం కావడానికి కొంత కాలం పట్టిందని చూపించాడు. డేవిడ్ పవర్స్ ఇంకా ముందుకు వెళ్లి, జైద్ ఆయత్‌ల భాగమే ప్రవక్త తర్వాత చేరిందన్నాడు. యూరి రూబిన్ దీనికి ఎదురు వాదించి, అంతిమ ప్రవక్త అనే అర్థం మొదటి నుంచీ ఉందన్నాడు. పవర్స్ వాదన నాకు ఒప్పుదల కాలేదు. ఫ్రీడ్‌మన్ ఎత్తిచూపిన సాక్ష్యాలను మాత్రం కొట్టిపారేయలేం. ఇబ్నె అబీ షైబా సంకలనంలో ప్రవక్త భార్య ఆయిషా మాటగా ఒకటుంది: ప్రవక్తల ముద్ర అనండి, ఆయన తర్వాత ప్రవక్త లేడు అనకండి అని. అదే చోట ప్రవక్త అనుచరుడు ముగీరా బిన్ షూబా కారణం చెబుతాడు. ఈసా (ఏసు) తిరిగి వస్తారని మేం వినేవాళ్లం, ఆయన ముందూ ఉన్నారు, తర్వాతా ఉంటారు అని. అంటే వాళ్ల జాగ్రత్త ఈసా రాకడ గురించి. ఈసాకు ప్రవక్త పదవి ముందే దక్కింది, తిరిగి వచ్చినా కొత్త ధర్మం తేరు, ముహమ్మద్ షరీఅత్‌నే, అంటే ఆయన తెచ్చిన ధర్మశాస్త్రాన్నే, అనుసరిస్తారు అని తర్వాతి పండితులు ఆ చిక్కు విప్పారు.

యమామా యుద్ధాన్ని కూడా నేను ఈ విశ్వాసానికి ఏకైక సాక్ష్యంగా చూపించను. జకాత్ అనే విధి దానాన్ని ఎగ్గొట్టినవాళ్ల మీద కూడా అబూబకర్ యుద్ధం చేశాడు, వాళ్లలో ప్రవక్తలు ఎవరూ లేరు. నన్ను ఒప్పించింది ఇంకొకటి. 656లో మూడో ఖలీఫా ఉస్మాన్ హత్య జరిగింది. ఆపైన ఐదేళ్లు ముస్లింలు ముస్లింలనే చంపుకున్నారు. ఒక పక్క అలీ, ఒక పక్క ఆయిషా, తల్హా, జుబైర్, తర్వాత సిరియా పాలకుడు ముఆవియా. ఎవరి పక్షం న్యాయమో తెలియక జనం అల్లాడిపోయారు. నాకు వహీ వచ్చింది, నా మాట వినండి అని చెప్పుకోవడానికి ఇంతకన్నా అదను ఉండదు. ఆ నాయకుల్లో ఒక్కరూ ఆ మాట అనలేదు. 657లో సిఫ్ఫీన్‌లో ఈటెల కొసలకు ఎత్తినవి ఖుర్‌ఆన్ పత్రాలు. అలీని వదిలి వెళ్లిన ఖవారిజ్‌ల నినాదం, తీర్పు అల్లాహ్‌దే, అదీ ఖుర్‌ఆన్ మాటే. గొడవంతా ఉన్న గ్రంథానికి అర్థం ఏమిటన్నదే. తర్వాత ఖలీఫా అబ్దుల్ మలిక్ కాలంలో డమాస్కస్‌లో హారిస్ అనేవాడు ప్రవక్తనని బయల్దేరి మరణశిక్ష పొందాడు. అలాంటివాళ్లు అక్కడక్కడా వచ్చారు. సమాజం మొత్తంగా వాళ్ల వైపు తిరగలేదు.

వహీ లేకుండా పాలించడం ఎలా ఉంటుందో తొలి ఖలీఫాల మాటల్లోనే వినండి. అబూబకర్ మొదటి ప్రసంగంలో, నేను మీలో అందరికన్నా మంచివాణ్ణి కాకపోయినా మీ మీద పెట్టారు, బాగా చేస్తే సాయం చేయండి, తప్పు చేస్తే సరిదిద్దండి అన్నాడు. తప్పు చేస్తే అని పాలకుడే తన నోటితో అన్నాడు. ఉమర్ మాట మరీ స్పష్టం: ప్రవక్త కాలంలో మనుషుల గుట్టు వహీ బయటపెట్టేది. ఇప్పుడు వహీ ఆగిపోయింది. ఇక మీ పైకి కనబడే పనులను బట్టే మిమ్మల్ని చూస్తాం. మంచి కనబరిచినవాణ్ణి నమ్ముతాం, లోపలేముందో మాకు సంబంధం లేదు, ఆ లెక్క అల్లాహ్ చూసుకుంటాడు. ఎంత గొప్ప న్యాయసూత్రం ఇది! ఎవరి గుండెలో ఏముందో నాకు తెలుసు అనే హక్కు ఖలీఫాకు కూడా లేదని ఖలీఫాయే ఒప్పుకున్నాడు.

అదే ఉమర్ ఇంకోసారి మసీదులో ప్రసంగ వేదిక అయిన మింబర్ ఎక్కి, మూడు విషయాలు ప్రవక్త మనకు ఇంకా వివరంగా చెప్పి వెళితే బాగుండేదని మనసులో మాట చెప్పాడు. ఆస్తిలో తాత వాటా, కలాలా (తండ్రీ పిల్లలూ లేకుండా చనిపోయినవాడి ఆస్తి పంపకం), వడ్డీలో కొన్ని రకాలు. మనిషి తండ్రీ పిల్లలూ లేకుండా చనిపోయి, తాత, అన్నదమ్ములు మిగిలితే ఆస్తి ఎవరికి? ఆయన జీవితమంతా ఈ లెక్కతో సతమతమయ్యాడు, 644లో కత్తిపోట్లకు చనిపోయేదాకా. తాత తండ్రితో సమానం, అన్నదమ్ములకేమీ రాదు అన్నది అబూబకర్ అభిప్రాయం. వాళ్లకూ పంచాలి అన్నది జైద్ బిన్ సాబిత్ అభిప్రాయం. ఇమాం అబూ హనీఫా మొదటిది తీసుకున్నారు, ఇమాం షాఫయీ రెండోది. మన తెలుగు జిల్లాల్లో ముస్లింలు ఎక్కువమంది హనఫీలు. హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడిన హద్రమీ అరబ్బుల సంతతిలో షాఫయీలు ఉన్నారు. ఒకే ఊళ్లో, ఈ ఒక్క వాటాను ఈ రోజుకీ రెండు రకాలుగా లెక్కగడతారు. రెండు లెక్కలూ ఖుర్‌ఆన్ ముందు పెట్టుకుని మనుషులు ఆలోచించి తేల్చినవే. అబూబకర్‌ను, జైద్‌ను, ఉమర్‌ను వాళ్లు ఇప్పటికీ పేరు పెట్టి ఉదాహరిస్తారు. ఆ ముగ్గురిలో ఎవరూ నాకు వహీ వచ్చిందని చెప్పి ఎదుటివాడి నోరు మూయించలేదు.